‘ద కింగ్స్ స్పీచ్’తో ఇంగ్లిష్ సాధన: మూడేసి నిమిషాల చొప్పున

ఇంగ్లిష్ నేర్చుకుందామని సినిమా పెట్టుకుంటే కథ అర్థమవుతుంది గానీ ఒక్క వాక్యమూ నోటికి రాదు. కళ్లు సబ్‌టైటిళ్ల వెంట పరిగెడుతుంటే చెవికి పని ఉండకపోవడమే దీనికి కారణం. అందుకే సినిమా అంతా ముందేసుకోవద్దు. మూడేసి నిమిషాల ఘట్టాలు ఆరు ఎంచుకుని, ఒక్కోదాని మీద నాలుగు రోజులు కూర్చోండి. రోజుకు అరగంట చొప్పున 24 రోజుల పని.

దీనికి 2010లో వచ్చిన ‘ద కింగ్స్ స్పీచ్’ బాగా పనికొస్తుంది. నిడివి 118 నిమిషాలు. యుద్ధాలున్న చారిత్రక చిత్రాల్లో కత్తుల మోతలో మాటలు సగం మునిగిపోతాయి. ఇందులో ఎక్కువ భాగం గదిలో ఇద్దరు ఎదురెదురుగా మాట్లాడుకోవడమే. కథ కూడా మాట గురించే. నత్తితో సతమతమయ్యే బ్రిటన్ రాజు ఆరో జార్జికి ఆస్ట్రేలియా నుంచి వచ్చిన లయొనెల్ లోగ్ సాధన చేయిస్తాడు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, వాక్యం ఎక్కడ ఆపాలి అన్నదే వాళ్ల పాఠం, మనకు కావలసిందీ అదే.

కథ ముందే తెలుగులో తెలుసుకుని కూర్చోండి, చెవి భాష మీద నిలుస్తుంది. 1925లో లండన్‌లోని వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శన ముగింపు సభలో యువరాజు ఆల్బర్ట్ ప్రసంగం తడబడుతుంది. ఇంట్లో ఆయన్ని బర్టీ అంటారు. 1936 జనవరిలో తండ్రి ఐదో జార్జి చనిపోతాడు. అన్న ఎనిమిదో ఎడ్వర్డ్, విడాకులు తీసుకున్న అమెరికా మహిళ వాలిస్ సింప్సన్‌ను పెళ్లాడటం కోసం అదే ఏడాది డిసెంబరులో గద్దె దిగుతాడు. బర్టీ ఆరో జార్జి అవుతాడు. మన పాత నాణేల మీద కనిపించే జార్జి బొమ్మల్లో ఒకటి ఈయనదే. 1939 సెప్టెంబరు 3న జర్మనీ మీద యుద్ధం ప్రకటించాక రేడియోలో చేసిన ప్రసంగంతో సినిమా ముగుస్తుంది. అదే రోజు వైస్రాయ్ మనవాళ్లెవరినీ అడగకుండానే భారతదేశాన్ని యుద్ధంలోకి దించాడు. అక్టోబరులో మద్రాసులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేయడానికి కారణం అదే. ఈ సంగతి తెలిసి వింటే ఆ ప్రసంగం మనకు పరాయిదిగా ఉండదు.

నత్తి వదిలించే సాధనలో భాగంగా రాజు వరసబెట్టి బూతులు తిట్టే ఘట్టం ఒకటుంది, ప్రసంగానికి ముందు రిహార్సల్లోనూ అవి వినిపిస్తాయి. పిల్లలతో చూసేటప్పుడు అవి దాటేయండి.

సాధనకు పనికొచ్చే ఆరు ఘట్టాలివి: బర్టీ భార్య ఎలిజబెత్ మారుపేరుతో లోగ్ గదికి వెళ్లడం, బర్టీ మొదటిసారి అక్కడికి రావడం, ఐదో జార్జి క్రిస్మస్ ప్రసంగం, లోగ్ ఇంట్లో అతని భార్యకు, రాణి అయిన ఎలిజబెత్ ఎదురుపడటం, పట్టాభిషేకం జరిగే వెస్ట్‌మినిస్టర్ అబే చర్చిలో గురుశిష్యుల వాదన, చివరి ప్రసంగం. ఎలిజబెత్ మాటలతో మొదలుపెట్టండి, ఆమె ఉచ్చారణ అందరికన్నా స్పష్టం. బర్టీ తడబడే చోట్లను అనుకరించవద్దు.

హెడ్‌ఫోన్లు, నోటుపుస్తకం, ఎర్ర పెన్ను, ఫోన్లో రికార్డర్ దగ్గర పెట్టుకోండి. సబ్‌టైటిళ్లు ఇంగ్లిష్‌లోనే ఉండాలి. తెలుగువి పెడితే అర్థం ముందే చేతికొస్తుంది, ఇక చెవి వినడం మానేస్తుంది.

మొదటి రోజు సబ్‌టైటిళ్లు తీసేసి రెండుసార్లు వినండి. ఎవరు ఎవరితో ఏం కావాలని అడుగుతున్నారో రెండు మూడు ముక్కల్లో రాసుకుని, ఆ తర్వాతే సబ్‌టైటిళ్లు పెట్టి సరిచూసుకోండి.

రెండో రోజు డిక్టేషన్. అన్నిటికన్నా కష్టమైనదీ, ఎక్కువ ఫలితమిచ్చేదీ ఇదే. ఎనిమిది వాక్యాలు ఎంచుకుని ఒక్కోటి మూడుసార్లకు మించకుండా విని రాయండి. వేగం 0.75కు తగ్గించుకోవచ్చు, ఇంకా తగ్గిస్తే అచ్చులు సాగిపోయి లయ పోతుంది. తర్వాత ఎర్ర పెన్నుతో దిద్దుకుంటే, పోయినవి పెద్ద మాటలు కావని తెలుస్తుంది. ‘ఆఫ్’, ‘టు’, ‘హావ్’ లాంటి చిన్నవే పోతాయి. తెలుగులో ప్రతి అక్షరాన్నీ ఇంచుమించు సమానంగా పలుకుతాం. ఇంగ్లిష్‌లో అర్థం మోసే మాటను ఒత్తి, మిగిలినవి మింగేస్తారు. ‘ఆఫ్’ అని రాసేది మాటల మధ్య ‘అవ్’ అయిపోతుంది. వినిపించలేదనుకున్న చోటల్లా ఇలాంటి చిన్న మాట ఉందేమో వెతకండి.

మూడో రోజు నటుడి గొంతుకు అర సెకను వెనకగా మీరూ పలకండి, కనీసం పదిసార్లు. ఉచ్చారణను తెలుగు లిపిలో రాసుకోవద్దు. రాసుకుంటే అది తెలుగు మాటగానే నోటికి వస్తుంది, ‘బుక్’ కాస్తా ‘బుక్కు’ అవుతుంది. ఇంగ్లిష్‌లోనే రాసి, ఒత్తు పడే అక్షరం మీద చుక్క, ఆగే చోట గీత పెట్టండి.

నాలుగో రోజు ఆ ఘట్టాన్ని మ్యూట్ చేసి, పెదవుల కదలికకు సరిపోయేలా పలుకుతూ రికార్డు చేయండి. తర్వాత అవే వాక్య నిర్మాణాల్లో మీ ఆఫీసు మాటలో, ఇంటి మాటలో పెట్టి అయిదు వాక్యాలు కట్టండి. ఇది వదిలేస్తే నేర్చుకున్నదంతా రాజభవనంలోనే ఉండిపోతుంది.

పలుకుబడిలో మనవాళ్లకు పట్టుబడని జంట వి, డబ్ల్యూ. రెండింటికీ మనకున్నది ఒకటే ‘వ’. వి పలికేటప్పుడు పైపళ్లు కింది పెదవిని తాకాలి. డబ్ల్యూకి పళ్లతో పని లేదు, పెదవులు గుండ్రంగా చుట్టాలి. చివరి ప్రసంగంలోని ఈ ఒక్క వాక్యంలో రెండూ ఉన్నాయి: ‘ఫర్ ద సెకండ్ టైమ్ ఇన్ ద లైవ్స్ ఆఫ్ మోస్ట్ ఆఫ్ అజ్, వి ఆర్ ఎట్ వార్’. ‘లైవ్స్’లోనూ, రెండు ‘ఆఫ్’లలోనూ పళ్లు పెదవిని తాకుతాయి, ‘వి ఆర్ ఎట్ వార్’లో తాకవు, అక్కడి ‘వి’, ‘వార్’ రెండూ డబ్ల్యూతో మొదలయ్యే మాటలు. అద్దం ముందు నెమ్మదిగా మొదలుపెట్టి ఇరవై సార్లు చెప్పండి.

సినిమాలో జల్లెడ, ముళ్లమొక్కల మీద నాలుక తిరగని వాక్యం ఒకటి వస్తుంది. అందులో ‘థిసిల్’ (ముళ్లమొక్క) మొదటి ధ్వని మన ‘థ’ కాదు. నాలుక కొసను పళ్ల మధ్య పెట్టి గాలిని ఆపకుండా వదలాలి. జల్లెడను ‘సివ్’ అనాలి, స్పెల్లింగ్ చూసి ‘సీవ్’ అని సాగదీయకూడదు.

మర్యాద సంగతి విడిగా చెప్పాలి. మనకు నువ్వు, మీరు ఉన్నాయి. ఇంగ్లిష్‌లో ఉన్న ఒక్క ‘యూ’ ఆ తేడా చూపలేదు, కాబట్టి పిలుపూ క్రియలూ ఆ పని చేస్తాయి. లోగ్ బర్టీ అని పిలుస్తానని పట్టుబట్టడం, రాజుకు అది మింగుడుపడకపోవడం ఈ కథకు ఆయువుపట్టు. ‘కుడ్ యూ’, ‘వుడ్ యూ’, ‘మే ఐ’ ఎక్కడ వినిపించినా, ఎవరు ఎవరితో అన్నారో కూడా రాసుకోండి. ‘వుడ్ యూ మైండ్’ అని అడిగితే మనవాళ్లు సరేననడానికి ‘యస్’ అంటారు, దానికి అర్థం అభ్యంతరం ఉందని. ‘నాట్ ఎట్ ఆల్’ అనాలి.

ఆ కాలపు భాషంతా ఇప్పుడు వాడకండి. రేడియోను అప్పుడు ‘వైర్‌లెస్’ అనేవారు, ఇప్పుడు అలా అంటే వేరే అర్థం వస్తుంది. రాజకుటుంబపు యాసను ఇంటర్వ్యూలో అనుకరిస్తే కృత్రిమంగా ఉంటుంది. అక్కడి నుంచి లయ, విరుపు మాత్రమే తీసుకోండి.

చివరి నాలుగు రోజులూ ప్రసంగానికే. మొదటి వాక్యాన్ని ఇలా విరవండి: ‘ఇన్ దిస్ గ్రేవ్ అవర్ / పర్హాప్స్ ద మోస్ట్ ఫేట్‌ఫుల్ / ఇన్ అవర్ హిస్టరీ’. మొదటి ‘అవర్’ ఘడియ, రెండోది మన. రెంటినీ ఒకేలా పలికినా స్పెల్లింగ్ వేరు కాబట్టి డిక్టేషన్‌లో తప్పకుండా పొరబడతారు. ఇదే వాక్యంలో ముందుకు వెళ్తే ‘థ్రెష్‌హోల్డ్’ వస్తుంది, అంటే గడప. మీలో ప్రతి ఒక్కరి గడప దాటి వచ్చి నేనే స్వయంగా చెబుతున్నట్టు అనుకోండి అన్నది ఆ మాటల భావం. నిఘంటువు అర్థం బట్టీ పట్టడం కన్నా ఈ బొమ్మ కళ్లకు కట్టించుకుంటే మాట నిలుస్తుంది.

ప్రసంగం నోటికి వచ్చాక, రాజు అసలు గొంతుతో 1939 నాటి రికార్డింగ్ ఉంది, అది వినండి. సినిమాలో దాన్ని కొంత కుదించారు. సినిమాలో లేని వాక్యాలను సబ్‌టైటిళ్ల సాయం లేకుండా డిక్టేషన్‌గా రాసి, మొదటి వారం రాసిన పేజీ పక్కన పెట్టి ఎర్ర గీతలు లెక్కపెట్టండి.