ఊళ్లో లేకపోయినా కరెంటు బిల్లు వస్తోందా? ముందు మీటరు చూడండి

బిల్లు పెరిగిందనగానే ఎవరైనా చెప్పేది ఒకటే, ఎల్‌ఈడీ బల్బులు పెట్టమని. శ్రీకాకుళంలో మా ఇంట్లో అవి ఎప్పుడో మార్చేశాం. అయినా మొన్న వేసవిలో బిల్లు చూసి మా అమ్మ "ఏటిరా ఇది, ఇంట్లో మిల్లేమైనా ఆడిస్తున్నామేటి?" అంది. కరెంటు ఎక్కడ పోతోందో తెలియకుండా కొత్త వస్తువులు కొంటే డబ్బు దండగ.

అన్నీ ఆపినా మీటరు లైటు మిణుకుతోంది

మెయిన్ ఆన్‌లోనే ఉంచి, ఇన్వర్టర్ తప్ప ఫ్రిజ్ ప్లగ్గుతో సహా అన్నీ తీసేసి మీటరు ముందు నిలబడండి. ఒక యూనిట్‌కు లైటు ఎన్నిసార్లు వెలుగుతుందో మీటరు మీదే రాసి ఉంటుంది, మాదాని మీద 3200. మా ఇంట్లో 15 సెకన్లకోసారి వెలుగుతోంది, అంటే గంటకు 240 సార్లు, లెక్కేస్తే 75 వాట్లు, నెలకు 54 యూనిట్లు ఎవరూ వాడకుండానే! పైగా ఆ యూనిట్లు శ్లాబు (ఒక రేటు వర్తించే యూనిట్ల హద్దు) దాటిస్తే దాటినవాటికి రేటు కూడా ఎక్కువ.

దొరికింది ఇన్వర్టర్ దగ్గర. 2018లో తిత్లీ తుపాను చీకట్లు చూశాక కొన్నాం, బ్యాటరీ అప్పటిదే. చెయ్యి పెడితే వెచ్చగా ఉంది, లోపల బుడబుడమని చప్పుడు. ముసలి బ్యాటరీకి ఛార్జింగ్ ఎంతకీ నిండదు, కరెంటు లాగుతూనే ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్ గుర్తు దాకా పోశాం (కుళాయి నీళ్లు పొయ్యకండి), రెండు రోజులు చూశాం, వేడి తగ్గలేదు, బ్యాటరీ మార్చక తప్పలేదు.

మీ ఇంట్లో ఇన్వర్టర్ ఆపినా లైటు మిణుకుతుంటే ఎంసీబీలు (మెయిన్ బోర్డులో ఒక్కో లైనుకు ఉండే స్విచ్చులు) ఒక్కొక్కటే దించండి. ఏది దించితే ఆగుతుందో ఆ లైనులోనే కరెంటు పోతోంది, లీకేజీ కావచ్చు, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. మెయిన్ దించినా ఆగకపోతే మీరు చెయ్యి పెట్టొద్దు, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చెయ్యండి.

మోటారు ఎంతసేపు వేసినా ట్యాంకు నిండదు

ఒక హార్స్‌పవర్ మోటారు గంట ఆడితే దాదాపు యూనిట్ పోతుంది. విజయనగరంలో మా బావగారింట్లో పావుగంటలో నిండే ట్యాంకుకి ముప్పావుగంట పట్టేది. బోరు ఎండిపోయిందనుకుని కంగారుపడ్డారు గానీ, ఫుట్ వాల్వులో (పైపు అడుగున నీళ్లు వెనక్కి పోకుండా ఆపేది) ఇసుక రేణువులు ఇరుక్కుని నీళ్లు వెనక్కి జారిపోతున్నాయి. విప్పి కడిగితే సరిపోయింది. బాత్రూం ఫ్లష్ ట్యాంకు కారుతోందేమో కూడా చూడండి, ఆ నీళ్లు పైకెక్కించిందీ మోటారే.

ఫ్రిజ్ ఆగకుండా గుర్రుమంటోంది

డోరులో కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా వచ్చేస్తే రబ్బరు పట్టడం లేదు. మాది మార్చాలన్నారు, మడతల్లో చూస్తే పచ్చడి నూనె, చింతపండు గుజ్జు! గోరువెచ్చటి సబ్బునీళ్లతో తుడిస్తే మళ్లీ పట్టింది. గోడకు జానెడు దూరం జరపండి.

ఏసీ వేసినా చల్లబడదు

ముందు ఫిల్టరు కడగండి, 18లో కాకుండా 25లో పెట్టి ఫ్యాను వెయ్యండి. కళింగపట్నంలాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి బయటి యూనిట్ రేకులు తుప్పుపట్టి పొడి రాలిపోతాయి. మంచినీళ్లతో మెల్లగా కడిగించండి, జోరుగా కొడితే రేకులు వంగిపోతాయి.