పాత చర్చిని చదవడం, 4వ పాఠం: గుమ్మం, చూరు

పోయిన పాఠంలో గుండ్రటి కమానుకీ మొనదేలిన కమానుకీ తేడా చూశాం. ఈసారి ఒక్క చర్చి దగ్గరే ఆగుదాం. ఇంగ్లండ్‌లోని హెరెఫోర్డ్‌కి నైరుతి దిక్కున కిల్పెక్ అనే చిన్న పల్లె ఉంది. అక్కడి సెయింట్ మేరీ అండ్ సెయింట్ డేవిడ్ చర్చిని 1140 ప్రాంతంలో ఎర్ర ఇసుకరాయితో కట్టారు. (ఇది రోమనెస్క్, అంటే గుండ్రటి కమానులుండే పాత ఐరోపా కట్టడ శైలి. దాన్నే ఇంగ్లండ్‌లో నార్మన్ శైలి అంటారు. రెండు పేర్లు చూసి టెన్షన్ పడకండి.)

ముందు దూరంగా నిలబడి కట్టడం మొత్తం చూడండి. జనం కూర్చునే భాగం, దాని తర్వాత పాదిరి భాగం, చివర అర్ధవలయంగా బలిపీఠం ఉండే చోటు. మండపం, అంతరాళం, గర్భగుడి వరుస ఎరిగిన మనకి ఇది అర్థం కావడం కష్టమేమీ కాదు.

ఇప్పుడు దక్షిణ గుమ్మం దగ్గరికి రండి. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు: బొమ్మ కనబడగానే 'దీని అర్థమేంటి' అని మొదలుపెడతారు. ముందు అడగాల్సింది 'ఈ రాయి ఏం పని చేస్తోంది' అని. పైగోడ బరువుని కమాను రాళ్లు రెండు పక్కలకీ దించుతాయి. అందుకే కమాను కింది అర్ధచంద్రాకారపు పలక మీద పెద్దగా బరువు పడదు. శిల్పి దాని నిండా తీగలల్లిన చెట్టును చెక్కాడు. ఎడమవైపు సన్నటి స్తంభం మీద ఇద్దరు మనుషులు తీగల్లో చిక్కుకుని ఉంటారు. చారల బట్టలు, చేతిలో ఆయుధం. దగ్గరికెళ్లి చూస్తే బట్టల మడతలు కూడా కనబడతాయి.

తల పైకెత్తండి. చూరు పొడవునా గోడలోంచి పొడుచుకొచ్చిన చిన్న రాళ్లు. వాటి పని చూరుని మోయడం. ఆ పని చేస్తూనే ఒక్కోటి ఒక్కో బొమ్మ అయింది. కుక్క, కుందేలు పక్కపక్కనే ఉన్న రాయిని చూస్తే నవ్వు ఆగదు. తన మర్మాంగాన్ని రెండు చేతులతో తెరిచి చూపే స్త్రీ బొమ్మ కూడా ఇక్కడే ఉంది. కామం మీద హెచ్చరిక అంటారు కొందరు, దిష్టి తగలకుండా అంటారు ఇంకొందరు. పండితులకే ఏకాభిప్రాయం లేదు, మనం తీర్పు చెప్పక్కర్లేదు.

ఇంత చిన్న పల్లెలో ఇంత పనితనమేంటి? పడమటి వైపు తిరిగితే కోట దిబ్బ కనిపిస్తుంది. అప్పట్లో ఊరి దొర నివాసం అక్కడే. అతని డబ్బే ఈ రాళ్లమీద కనబడుతోంది. ఇదే శిల్పశైలి అదే జిల్లాలోని షాబ్డన్ ఊరి చర్చిలోనూ ఉండేది. 18వ శతాబ్దంలో ఆ చర్చిని కూల్చి, చెక్కిన కమానుల్ని అలంకారంగా ఆరుబయట నిలబెట్టారు. వానకీ గాలికీ అవి బాగా అరిగిపోయాయి.

అభ్యాసం: కిల్పెక్ దక్షిణ గుమ్మం ఫొటో వెతికి, కాగితం మీద గీయండి. బరువు మోసే రాళ్ల మీద బాణాలు వేయండి. మోయనివాటికి రంగు వేయండి. ఆ తర్వాతే బొమ్మలు చూడండి. వచ్చే పాఠంలో లోపలికి వెళ్దాం.