అలాస్కా గ్లేసియర్ క్రూజ్: ముందు మంచు, తర్వాత దారి, ఆఖరున ఓడ

అలాస్కా క్రూజ్ బుక్ చేసేవాళ్లలో చాలామంది ఓడ బొమ్మ చూసి మొదలుపెడతారు. ఈత కొలనులెన్ని, రెస్టారెంట్లెన్ని, బాల్కనీ ఎంత పడుతుంది, ఇవే లెక్కలు. గ్లేసియర్ (కొండల మీంచి మెల్లగా జారే మంచు నది) ఎలాగూ ఉంటుందిలే అనుకుంటారు. తీరా ఆ రోజు వచ్చాక ఓడ మంచు గోడకు ఐదారు కిలోమీటర్ల దూరంలోనే వెనక్కి తిరిగితే ఉసూరుమంటారు. ఈ వరస తిరగెయ్యాలి. ఏ గ్లేసియర్ చూడాలో ముందు తేల్చుకుంటే ఏ దారిన వెళ్లాలో తెలుస్తుంది. దారి తెలిస్తే పనికొచ్చే ఓడలు నాలుగైదే మిగులుతాయి.

ప్రయాణ పట్టికలో 'సీనిక్ క్రూజింగ్' అని ఉందంటే ఓడ అక్కడ రేవు కట్టదు, మీరు దిగరు, డెక్ మీంచే చూస్తారని అర్థం. ఆ మాట పక్కన వేసిన గంటలు చూడండి. ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా తొమ్మిది పది గంటలు ఉంటే ఆ రోజంతా గ్లేసియర్‌దే. తెల్లవారుజామున నాలుగైదు గంటలు చూపించి మధ్యాహ్నానికి జూనో రేవు అని వేశారంటే కెప్టెన్ చేతిలో సమయం తక్కువ. నీళ్లలో మంచు ముక్కలు అడ్డొస్తే ఆగి దారి వెతుక్కునే వీలుండదు, అందుకే మధ్యలోనే తిప్పేస్తారు.

ఏ గ్లేసియర్

నమ్మకంగా దగ్గరికి వెళ్లే చోటు గ్లేసియర్ బే. జాతీయ పార్కు కాబట్టి రోజుకు రెండు పెద్ద క్రూజ్ ఓడలకే అనుమతి. అందువల్ల లోపల రద్దీ ఉండదు. అఖాతం ముఖద్వారం దగ్గర బార్ట్‌లెట్ కోవ్‌లో పార్కు రేంజర్లు చిన్న పడవలో వచ్చి, కదులుతున్న ఓడకు వేలాడదీసిన నిచ్చెన పట్టుకుని పైకెక్కుతారు. రోజంతా మైకులో వివరాలు చెబుతారు. 1794లో బ్రిటిష్ నావికుడు జార్జ్ వాంకూవర్ నౌకాబృందం ఇక్కడికి వచ్చినప్పుడు దాదాపు నోటి దాకా మంచే ఉంది. 1879లో ప్రకృతి పరిశీలకుడు జాన్ మ్యూర్ వచ్చేనాటికి అది 60 కిలోమీటర్లకు పైగా వెనక్కి పోయింది. ఈరోజు మీ ఓడ మూడు నాలుగు గంటలు ప్రయాణం చేసే నీళ్లన్నీ అలా ఖాళీ అయిన జాగానే.

ఆ ప్రయాణం చివర ఉండేది మార్జరీ గ్లేసియర్. సుమారు 34 కిలోమీటర్ల పొడవు, ఒకటిన్నర కిలోమీటర్ల పైచిలుకు వెడల్పు. దాని పక్కనే ఉన్న గ్రాండ్ పసిఫిక్‌ను మట్టి దిబ్బ అనుకుని చాలామంది చూడకుండా వదిలేస్తారు. పైనంతా రాళ్లూ మట్టీ కప్పి ఉంటాయి గానీ కింద ఉన్నది మంచే. జాన్స్ హాప్కిన్స్ అనే మూడో గ్లేసియర్ కూడా కావాలంటే సెప్టెంబర్ తేదీలు చూసుకోండి. అక్కడ మంచు పలకల మీద సీల్స్ పిల్లల్ని కంటాయి కనుక మే 1 నుంచి ఆగస్టు 31 వరకు క్రూజ్ ఓడల్ని ఆ పాయలోకి రానివ్వరు.

గ్లేసియర్ బే అనుమతుల్లో పెద్ద వాటా ప్రిన్సెస్, హాలండ్ అమెరికా కంపెనీలది. ఒకే కంపెనీలో కూడా అన్ని ఓడలూ, అన్ని తేదీలూ లోపలికి వెళ్లవు. ఏ తేదీన ఏ ఓడ వస్తుందో పార్కు వాళ్లు ఏటా క్యాలెండర్ పెడతారు. డబ్బు కట్టేముందు మీ ఓడ పేరు, తేదీ అందులో ఉన్నాయో లేదో చూసుకోండి. ప్రకటనల్లో 'అలాస్కా గ్లేసియర్స్' అని రాసినంత మాత్రాన అది గ్లేసియర్ బే అయిపోదు.

హబ్బర్డ్ గ్లేసియర్ సంగతి వేరు. పొడవు 122 కిలోమీటర్లు, సముద్రం వైపు ముఖమే సుమారు 10 కిలోమీటర్లు. మిగతావి చాలావరకు వెనక్కి తగ్గుతుంటే ఇది 1895 నుంచీ ముందుకు వస్తోంది. 1986లో, మళ్లీ 2002లో పక్కనున్న రస్సెల్ ఫియర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయ) నోరు మూసేసి, కొన్నాళ్లు దాన్ని చెరువు చేసిపెట్టింది. దగ్గరికి వెళ్లగలిగితే దీన్ని మించింది లేదు. ఆ వెళ్లడమే కష్టం. విరిగిపడిన మంచంతా ముందున్న డిసెన్‌చాంట్‌మెంట్ బేలో పేరుకుంటుంది. గాలి, పోటు ఎటు తోస్తే అటు చేరుతుంది. ఒకరోజు కిలోమీటరు దూరానికి వెళ్లిన ఓడ మర్నాడు పది కిలోమీటర్ల దగ్గరే ఆగిపోవచ్చు. పేరులోనే ఆశాభంగం ఉంది మరి! అట్లాంటిక్ నుంచి పసిఫిక్‌కు పోయే వాయవ్య సముద్ర మార్గం ఇదేనేమోనని వచ్చి, కాదని తేలాక స్పెయిన్ తరఫు నావికుడు మాలస్పినా పెట్టిన పేరది.

జూనోకు దక్షిణాన ఎండికాట్ ఆర్మ్ అనే పాయ, దాని చివర డాస్ గ్లేసియర్. సన్నటి ఫియర్డ్, రెండు వైపులా నిటారు కొండలు, జలపాతాలు. గ్లేసియర్ కంటే దారే అందం. పాత వ్యాసాల్లో దీని పక్కనున్న ట్రేసీ ఆర్మ్‌ను ఆకాశానికెత్తి ఉంటారు. 2025 ఆగస్టు 10న అక్కడ సౌత్ సాయర్ గ్లేసియర్ దగ్గర కొండచరియ విరిగిపడి సునామీ లేచింది. ఆ తర్వాత పెద్ద కంపెనీలు ట్రేసీని మానుకుని ఎండికాట్ వైపు మళ్లాయి. మీ పట్టికలో ఇంకా ట్రేసీ అని కనిపిస్తే కంపెనీని అడిగి తేల్చుకోండి.

కాలేజ్ ఫియర్డ్ ఉత్తరాన ఉన్న విట్టియర్ రేవు వైపు వెళ్లే ఓడలకే తగులుతుంది. 1899లో హారిమన్ అనే అమెరికా ధనవంతుడి శాస్త్రయాత్ర బృందం అక్కడి గ్లేసియర్లకు హార్వర్డ్, యేల్ అంటూ కాలేజీల పేర్లు పెట్టింది. వరసగా అన్ని గ్లేసియర్లు ఒకే చూపులో పడే చోటు ఇంకోటి దొరకదు. కొన్నిసార్లు ఓడ సాయంత్రం పొద్దుపోయాక చేరుతుంది, గంట చూసుకోండి.

జూనో ఊరికి దగ్గర్లోని మెండెన్‌హాల్‌ను వీటికి బదులుగా లెక్కవేయకండి. అది సముద్రాన్ని తాకదు, చూసేది సరస్సు ఇవతలి నుంచి.

ఏ దారి

ఏడు రాత్రుల ప్రయాణాలు మూడు రకాలు. సియాటిల్ నుంచి బయల్దేరి మళ్లీ సియాటిల్‌కే రావడం విమాన టికెట్ల పరంగా సులువు. కానీ ఆ ఓడలు సాధారణంగా వాంకూవర్ ద్వీపానికి పడమర నుంచి, పసిఫిక్ మహాసముద్రం మీదుగా వెళ్తాయి. కడుపులో తిప్పేవాళ్లకు ఆ రోజు బాగుండదు. అమెరికా చట్టం ప్రకారం విదేశీ జెండా ఉన్న ఓడ ఒక విదేశీ రేవులో ఆగాలి కాబట్టి ఇవి కెనడాలోని విక్టోరియాలో, తరచూ రాత్రిపూట, కాసేపు ఆగుతాయి. దానివల్ల అసలు చోట్ల గంటలు తగ్గుతాయి.

కెనడాలోని వాంకూవర్ నగరం నుంచి వెళ్లి వచ్చేవి ద్వీపానికీ తీరానికీ మధ్యన, అలలు తక్కువున్న ఇన్‌సైడ్ పాసేజ్‌లో నడుస్తాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకు, పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లకు మా ఓటు దీనికే.

మూడోది వాంకూవర్ నుంచి ఉత్తరాన సూవర్డ్ లేదా విట్టియర్ దాకా ఒకవైపు ప్రయాణం. గ్లేసియర్ బేతో పాటు హబ్బర్డ్ గానీ కాలేజ్ ఫియర్డ్ గానీ ఒకే యాత్రలో దొరికేది ఇందులోనే. గల్ఫ్ ఆఫ్ అలాస్కా దాటేటప్పుడు ఓడ ఊగుతుంది. విమానం ఒక ఊళ్లో దిగి ఇంకో ఊళ్లో ఎక్కాలి. విట్టియర్‌లో దిగితే ఇంకో చిక్కు ఉంది. విమానం ఎక్కే యాంకరేజ్ నగరానికి రోడ్డు దారి 4 కిలోమీటర్ల సొరంగం గుండానే. అది ఒకే వరస దారి, అందులోంచే రైళ్లూ వెళ్తాయి, ఒక్కో దిక్కుకు వేళ ప్రకారమే వదులుతారు. ఆ రోజు మధ్యాహ్నం లోపు విమానం పెట్టుకోకండి.

ఏ దారైనా మీ పాస్‌పోర్టుకు వీసా అవసరమైతే రెండు దేశాలవీ చూసుకోవాలి. కెనడాలో ఓడ ఆగి తిరిగి అమెరికాలోకి వస్తుంది గనక ఒక్కసారి ప్రవేశానికే చెల్లే అమెరికా వీసా సరిపోకపోవచ్చు. సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగుతున్నామని దీన్ని మర్చిపోయి రేవులోంచే వెనక్కి వెళ్లేవాళ్లుంటారు.

నెల విషయానికొస్తే, మే, జూన్ మొదట్లో వానలు తక్కువ, కొండల మీద మంచు ఇంకా కనిపిస్తుంది. కానీ ఎండికాట్, హబ్బర్డ్‌లలో తేలే మంచు ఎక్కువై దారి మూసుకునే అవకాశమూ అప్పుడే. జూలై, ఆగస్టుల్లో దగ్గరికి వెళ్లే వీలు పెరుగుతుంది, జనమూ ధరా పెరుగుతాయి. సెప్టెంబర్ చవక, వానలు జాస్తి.

ఏ ఓడ

ఇక్కడ డెక్ ప్లాన్ తెరవండి. వెతకాల్సినవి రెండు. ఒకటి, ఓడ చుట్టూ తిరిగి రాగల ప్రొమెనేడ్ డెక్. రెండు, అణియం వైపు, అంటే ముందు కొసన, ఆకాశం కనిపించే తెరిచిన జాగా. కొత్త భారీ ఓడల్లో ఆ జాగాను నీటి జారుడుబల్లలూ సూట్ గదులూ ఆక్రమించాయి. మిగిలినచోట ఎత్తైన గాజు పలకలుంటాయి. గాలి ఆగుతుంది గానీ ఫొటోలో మీ ముఖమే ప్రతిఫలిస్తుంది. హాలండ్ అమెరికా ఓడల్లో మామూలుగా సిబ్బంది మాత్రమే వాడే ముందు డెక్‌ను గ్లేసియర్ బే రోజున ప్రయాణికులకు తెరుస్తారు.

బాల్కనీ అవసరమా? మార్జరీ ముందు ఓడ గంట సేపు నిలబడి, రెండు వైపులవాళ్లకూ కనిపించేలా మెల్లగా తిరుగుతుంది. కాబట్టి కుడి, ఎడమ అని కొట్టుకోనక్కర్లేదు. అసలు చూపు మాత్రం తెరిచిన డెక్ మీదే. బాల్కనీకి పెట్టే అదనపు సొమ్ముతో గ్లేసియర్ బే వెళ్లే ఓడలో లోపలి గది తీసుకోవడం మేలు. చలికి ఆగలేని పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు ఆ బాల్కనీ కింద లైఫ్‌బోట్లు అడ్డొస్తాయేమో ప్లాన్‌లో చూసుకోండి. ఊగడం పడనివాళ్లకు కింది అంతస్తులో, ఓడ నడిమి భాగంలో ఉన్న గది మంచిది.

వంద మంది లోపు పట్టే చిన్న ఓడలు ఇంకో లోకం. ఒకే ఫియర్డ్‌లో రెండు రోజులుంటాయి, కయాక్‌లు దింపుతాయి. ధర చాలా ఎక్కువ. అంత పెట్టలేకపోతే మధ్యే మార్గం ఒకటుంది. ఎండికాట్ వెళ్లే పెద్ద ఓడలు కొన్నింటి పక్కకు చిన్న కాటమరాన్ (జంట అడుగుల పడవ) వచ్చి, విడిగా టికెట్ తీసుకున్నవాళ్లను ఎక్కించుకుంటుంది. పెద్ద ఓడ ఆగిపోయిన మంచులోంచి అది దూరి డాస్ ముందు దాకా వెళ్తుంది. సూవర్డ్‌లో దిగేవాళ్లు ఒక రోజు అదనంగా ఉండి, ఐయాలిక్ గ్లేసియర్‌కు కెనాయ్ ఫియర్డ్స్ పడవ ఎక్కవచ్చు. క్రూజ్ ఓడ మంచు వల్లో పొగమంచు వల్లో గ్లేసియర్ చేరకపోతే డబ్బు వెనక్కి రాదు. టికెట్ షరతుల్లో దారి మార్చుకునే హక్కు కంపెనీకే ఉంటుంది.

ఆ గంటలో

ఓడ గ్లేసియర్ బే లోపలికి ప్రవేశించగానే తెల్లవారి ఆరింటికే డెక్ ఎక్కి గడ్డకట్టుకుపోకండి. మార్జరీ చేరేసరికి పొద్దెక్కుతుంది. ఇరవై నిమిషాల ముందు వెళ్తే చాలు. మంచు మీంచి దిగే గాలి జూలైలోనూ కోస్తుంది. ఒంటికి అతుక్కునే పొర, పైన ఉన్ని, ఆపైన గాలీ వానా ఆపే జాకెట్, టోపీ, ఫోన్ తెర పనిచేసే గ్లవ్స్. జీన్స్ తడిస్తే ఆరదు.

బైనాక్యులర్స్ 8x42 చాలు. పెద్దది చేసి చూపే రెట్లు (మొదటి అంకె) 10 దాటితే కదిలే ఓడ మీద బొమ్మ వణుకుతుంది. ఫోన్ కెమెరాలో మంచు బూడిదరంగులో వస్తుంటే ఎక్స్‌పోజర్ కాస్త పెంచండి. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, వాడనప్పుడు ఫోన్ లోపలి జేబులో ఉంచండి.

మంచు విరిగిన చప్పుడు విని అటు తిరిగితే ఆలస్యమే. ఓడ 400 మీటర్ల దూరంలో ఉన్నా శబ్దం సెకనుకు పైగా వెనకపడుతుంది, కిలోమీటరున్నర దూరమైతే నాలుగు సెకన్లకు పైనే. అందుకే గోడ మొత్తం కాకుండా ఒక చోటు ఎంచుకుని చూపు నిలపండి. గోడ అడుగున నీరు బురదగా సుళ్లు తిరుగుతూ, మీద తెల్ల పక్షులు మూగుతున్న చోటు చూడండి. గ్లేసియర్ కింది వాగు అక్కడే సముద్రంలో కలుస్తుంది, అడుగు మంచును కోస్తూ ఉంటుంది. దాని పైన చిన్న చిన్న పెళ్లలు రాలడం మొదలైతే ఫోన్‌లో వీడియో నొక్కి, చేతులు రెయిలింగ్ మీద ఆనించి ఉంచండి.