టర్కీ వేట షాట్‌గన్‌కి రెడ్ డాట్: ఎత్తు, చుక్క, స్క్రూలు

అమెరికాలో వసంతకాలపు టర్కీ (అడవి సీమకోడి) వేటంటే చెట్టుకి వీపు ఆనించి, మోకాలి మీద తుపాకీ పెట్టుకుని గంటలకొద్దీ కదలకుండా కూర్చోవడమే. పుంజు ఎడమ నుంచి వస్తుందనుకుంటే కుడి నుంచి వస్తుంది. నడుము తిప్పి, మెడ సాచి గురి చూడాల్సి వస్తుంది, బుగ్గ స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) మీద సరిగ్గా కుదరదు. గొట్టం కొసన బీడ్ అనే చిన్న పూస మాత్రమే ఉన్న తుపాకీకి వెనక సైటు మీ కన్నే. అందుకే తల అర అంగుళం లేచినా దెబ్బ పైకి పోతుంది. తూటాలోని చిన్న గుళ్ళు చెదరకుండా గొట్టం కొసని ఇరుకు చేసే టర్కీ చోక్ బిగిస్తే 20 గజాల దగ్గర గుళ్ళ గుంపు అరచేయంతే ఉంటుంది, ఒక్కోసారి ఇంకా చిన్నదే. ‘షాట్‌గన్ కదా, ఎటో ఒకటి తగులుతుంది’ అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

అందుకే కొందరు రెడ్ డాట్ అనే ఎర్ర చుక్క సైటు బిగిస్తారు. అందులో చిన్న ఎల్ఈడీ వెలుగు పూత వేసిన అద్దం మీద పడి కంటికి తిరిగొస్తుంది. అద్దంలో చుక్క ఏ మూలన కనిపించినా, అది లక్ష్యం మీదుంటే గుళ్ళు అక్కడికే వెళ్తాయి. దగ్గర దూరాల్లో కొద్దిగా తేడా ఉన్నా షాట్‌గన్‌కి అది లెక్కలోకి రాదు. టర్కీకి, స్లగ్‌తో (గుళ్ళకి బదులు ఒకటే పెద్ద గుండు ఉన్న తూటాతో) జింక వేటకి ఇది బాగా పనికొస్తుంది. బాతులు, ఫెజెంట్ల వంటి ఎగిరే పిట్టల్ని బీడ్‌తో బాగా కొట్టేవాళ్ళు మాత్రం మార్చుకోనక్కర్లేదు. అక్కడ చూపు పిట్ట మీదుండాలి. చుక్కని వెతకడం మొదలుపెడితే తుపాకీ ఊపు ఆగిపోయి, దెబ్బ పిట్ట వెనక పడుతుంది.

కొనేముందు తుపాకీని చూడండి

చాలామంది ముందు సైటు కొని, తర్వాత దాన్ని ఎక్కడ బిగించాలా అని వెతుక్కుంటారు. రిసీవర్ (గొట్టానికి వెనక, ట్రిగ్గర్ పైన ఉండే లోహపు పెట్టె) పైభాగం చూడండి. మాస్‌బర్గ్ 940 ప్రో టర్కీ లాంటి కొత్త తుపాకుల్లో సైటు కూర్చోడానికి గాడి కోసే ఇస్తారు. ఆ గాడి షీల్డ్ ఆర్ఎంఎస్‌సీ అనే సైటు కొలతది. ట్రిజికాన్ ఆర్ఎంఆర్ కొలతకి చేసిన సైటు అందులో కూర్చోదు. వోర్టెక్స్ వెనమ్, బరిస్ ఫాస్ట్‌ఫైర్ సైట్లు ‘డాక్టర్’ (Docter) అనే ఇంకో కంపెనీ కొలతవి. ఒకే కొలత అని రాసున్నవాటిలో కూడా ఒక పిన్ను అడ్డం రావచ్చు. స్క్రూలు లేకుండా సైటుని గాడిలో పెట్టి వేలితో నొక్కి చూడండి. ఊగిందంటే ఆ జత కుదరనట్టే.

గాడి లేకపోయినా రిసీవర్ మీద నాలుగు చిన్న స్క్రూలు మూతల్లా కనిపిస్తే, మీ మోడల్‌కి సరిపోయే బేస్ (సైటు కింద బిగించే పట్టీ) దొరుకుతుంది. అవీ లేకపోతే మూడు దారులున్నాయి. ఒకటి, గన్‌స్మిత్ చేత రంధ్రాలు వేయించడం. అన్నిటికన్నా గట్టిది ఇదే. రెండోది ట్రిగ్గర్ పిన్నుల రంధ్రాలతో బిగించే జీను లాంటి మౌంట్. దాన్ని బలంకొద్దీ బిగిస్తే రిసీవర్ గోడలు నొక్కుకుపోయి పంప్ బిగుసుకుంటుంది. మూడోది బ్యారెల్ మీది రిబ్‌ని (గొట్టం పొడవునా ఉండే సన్నటి పట్టీని) పట్టుకునే క్లాంప్. ఎయిమ్‌పాయింట్ మైక్రో ఎస్1 ఈ పని కోసమే చేశారు. అది చాలా కిందకి కూర్చుంటుంది. కానీ కంటికి దూరం కాబట్టి అద్దం చిన్నగా కనిపిస్తుంది. పాత జోడు గొట్టాల తుపాకుల రిబ్ మీద క్లాంపులు వేయకండి, అతుకు వదిలే ప్రమాదం ఉంది.

ఎత్తు విషయంలో రాజీ పడొద్దు. పికాటిన్నీ రైలు (గాళ్ళున్న బిగింపు పట్టీ), దాని మీద ఎత్తు పెంచే రైసర్, ఆపైన సైటు పెడితే బుగ్గ స్టాక్‌ని వదిలేసి గడ్డం ఆనుతుంది. టర్కీ తూటా తన్నుడు మట్టి బిళ్ళలు కొట్టే మామూలు క్లే తూటాకి రెండు మూడు రెట్లుంటుంది, దవడ అదిరిపోతుంది. గురి లెక్క కూడా మారుతుంది. చుక్క గొట్టం మధ్య గీతకి ఒకటిన్నర అంగుళం పైనుండి, 40 గజాలకి జీరో చేశారనుకోండి, అంటే ఆ దూరంలో దెబ్బ చుక్క మీదే పడేలా సర్దారన్నమాట. 10 గజాల దగ్గరికొచ్చిన పుంజుకి దెబ్బ సుమారు అంగుళం కిందకి పడుతుంది. అంత దగ్గర గుళ్ళ గుంపు పిడికిలంత కూడా ఉండదు కాబట్టి ఆ అంగుళం లెక్కకొస్తుంది. బుగ్గ మామూలుగా ఆనించినప్పుడు అద్దం అడుగున బీడ్ కనిపిస్తుంటే ఎత్తు సరిగ్గా ఉన్నట్టు. బీడ్ అసలు కనిపించకపోతే స్టాక్ మీద బుగ్గ ఎత్తు పెంచే ప్యాడ్ వేసుకోవాలి.

చుక్క ఎంతుండాలి

చుక్క సైజుని ఎంఓఏ (మినిట్ ఆఫ్ యాంగిల్) అనే కోణపు కొలతలో చెప్తారు. ఒక ఎంఓఏ అంటే 100 గజాల దగ్గర దాదాపు ఒక అంగుళం, కచ్చితంగా చెప్తే 1.047. అదే 40 గజాలకి 0.42 అంగుళం. ఆ లెక్కన 3 ఎంఓఏ చుక్క 40 గజాల దగ్గర అంగుళంపావు, 6 ఎంఓఏ చుక్క రెండున్నర అంగుళాలు కప్పుతుంది. పుంజు తలే అటూఇటూగా అంతుంటుంది. మెడ ఈకలు మొదలయ్యే చోట గురి పెట్టాలి కాబట్టి, ఆ చోటు కనిపించాలంటే 2 లేదా 3 ఎంఓఏ మంచిది. స్లగ్‌కీ అంతే. కదిలే లక్ష్యాలకి 6 ఎంఓఏ, లేదా 32 ఎంఓఏ వలయం కంటికి త్వరగా దొరుకుతాయి. ఆ వలయం 30 గజాల దగ్గర పది అంగుళాల వెడల్పుంటుంది.

చుక్క కొందరికి తోకచుక్కలాగో, రెండు ముక్కలుగానో కనిపిస్తుంది. తిప్పి పంపేముందు ఫోన్ కెమెరాతో అద్దంలోంచి ఫొటో తీయండి. ఫొటోలో గుండ్రంగా వస్తే సైటు బాగున్నట్టే, తేడా మీ కంటిలో ఉంది. దాన్నే ఆస్టిగ్మాటిజం అంటారు. కళ్ళజోడు పెట్టుకుని, వెలుగు రెండు మెట్లు తగ్గించి చూడండి. ఆకుపచ్చ చుక్క కొందరికి నయంగా ఉంటుంది.

వెలుగు దానంతటదే సర్దుకునే సైటుకి ఒక చిక్కుంది. నీడలోనో, డేరా లోపలో కూర్చుంటే సెన్సర్ మీ చుట్టూ ఉన్న చీకటిని కొలుస్తుంది. ఎదుట పొలం ఎండలో వెలిగిపోతుంటే చుక్క మసకబారి కనిపించదు. చేత్తో మార్చే బటన్ ఉన్నదే కొనండి. బ్యాటరీ ఎక్కడుందో కూడా చూడాలి. వోర్టెక్స్ వెనమ్‌లో సీఆర్1632 పైనుంచి వేస్తారు. అదే కంపెనీ వైపర్‌లో సీఆర్2032 అడుగున ఉంటుంది, మార్చాలంటే సైటు ఊడదీయాలి, మళ్ళీ జీరో చూసుకోవాలి. వానలో వేటాడేవాళ్ళు ఎల్ఈడీ మూసి ఉన్న రకం తీసుకోవాలి. తెరిచి ఉన్నదానిలో ఒక్క నీటిబొట్టు ఎల్ఈడీ మీద పడితే చుక్క చెదిరిపోతుంది.

బిగించడం

జీరో నిలవడం లేదన్న ఫిర్యాదుల్లో ఎక్కువభాగం వదులైన స్క్రూల వల్లే. తుపాకీ ఖాళీ చేసి, తూటాలు వేరే గదిలో పెట్టండి. స్క్రూలు, రంధ్రాలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఫ్యాక్టరీ నూనె మిగిలితే లాక్‌టైట్ (స్క్రూ వదులవకుండా వేసే జిగురు) పట్టదు. ముందు లాక్‌టైట్ లేకుండా బేస్ బిగించి, బోల్ట్‌ని (రిసీవర్ లోపల ముందుకీ వెనక్కీ కదిలే భాగాన్ని) నెమ్మదిగా వెనక్కి లాగండి. సన్నగా గీసుకున్నట్టు అనిపించినా, బోల్ట్ మీద కొత్త గీత కనిపించినా ఏదో ఒక స్క్రూ పొడవెక్కువై లోపలికి దిగింది. దాన్ని కొద్దిగా ఆకురాయి పట్టాలి. అంతా సరిపోయాక నీలం లాక్‌టైట్ 242 ఒక్క చుక్క చాలు. ఎరుపు రకం వేస్తే తీయడానికి వేడి చేయాల్సి వస్తుంది. బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్‌తో మాన్యువల్ చెప్పినంతే బిగించండి. చేతి అంచనాతో తిప్పితే ఈ చిన్న స్క్రూల తలలు తెగుతాయి. 24 గంటలు ఆరనిచ్చి, స్క్రూ తల మీద నుంచి పక్క లోహం మీదకి పెయింట్ పెన్‌తో ఒక గీత గీయండి. గీత విరిగి కనిపిస్తే స్క్రూ తిరిగిందన్నమాట.

జీరో చేయడం

టర్కీ తూటాలు, ముఖ్యంగా టంగ్‌స్టన్ టీఎస్ఎస్ రకం, ఖరీదెక్కువ, భుజానికీ శిక్షే. మొదట చవక తూటాలతో, వేటకి వాడబోయే చోకే బిగించి, బల్ల మీద ఆనించి 20 గజాల దగ్గర కొట్టండి. మూడడుగుల కాగితం కావాలి. కళ్ళకి అద్దాలు, చెవులకి మూతలు తప్పనిసరి. గుళ్ళు ఎక్కువ చిక్కగా పడ్డ చోటు చుట్టూ పది అంగుళాల వలయం గీసి, దాని నడిమధ్య నుంచి గురి చుక్కకి దూరం కొలవండి. విడిగా పడ్డ గుళ్ళని చూసి తిప్పకండి. సైటు ఒక క్లిక్ ఒక ఎంఓఏ అయితే 20 గజాలకి 0.21 అంగుళం. మూడు అంగుళాలు కుడికి పోతుంటే ఎడమకి 14 క్లిక్కులు. బాణం గుర్తు దెబ్బ కదిలే దిక్కుని చూపుతుందో లేదో మాన్యువల్‌లో చూసుకోండి.

తర్వాత 40 గజాలకి జరిపి, అసలు తూటాలతో రెండు మూడు కొట్టండి. అక్కడ ఐదు అంగుళాల తేడాకి 12 క్లిక్కులు. పది అంగుళాల వలయంలో వంద గుళ్ళు పడాలన్నది పాత కొలత. ఏ దూరంలో అంతకన్నా తగ్గుతాయో అదే మీ తుపాకీ హద్దు. చోక్ మార్చినా, తూటా మార్చినా, శుభ్రం చేయడానికి బ్యారెల్ ఊడదీసినా మళ్ళీ ఒక కాగితం చూడాల్సిందే.

చివరిగా చట్టం సంగతి. అమెరికాలో హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీదున్నవాళ్ళు తుపాకీ దగ్గరుంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం మామూలుగా నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న రాష్ట్ర వేట లైసెన్స్ ఉంటే మినహాయింపు. స్నేహితుడి తుపాకీ చేతిలోకి తీసుకునేముందే ఆ లైసెన్స్ మీకు వచ్చి ఉండాలి. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి హంటర్ ఎడ్యుకేషన్ కూడా కావాలి. తుపాకీ సైట్లు అమెరికా ఎగుమతి నియంత్రణ కింద ఉన్నాయి, ఇండియా వెళ్ళేటప్పుడు లగేజీలో వేసుకోకండి. అక్కడ 1972 వన్యప్రాణి చట్టం కింద ఇప్పుడు వేటకి ఎలాగూ దారి లేదు.