ఆలోచనల పట్టిక రాసుకోవడం ఎలా?

కౌన్సెలింగ్‌లో విస్తృతంగా వాడే పద్ధతుల్లో కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే సీబీటీ, ఒకటి. 1960లలో ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు దీనికి రూపమిచ్చారు. కుంగుబాటుతో వచ్చినవారి మనసులో తమను తాము తక్కువ చేసుకునే ఆలోచనలు పిలవకుండానే వచ్చి పోతుంటాయని, వాటిని వారు పరీక్షించకుండానే నమ్మేస్తుంటారని ఆయన గమనించారు. అలాంటి ఆలోచనను పట్టుకుని పరిశీలించే సాధనమే ఆలోచనల పట్టిక. దీనికి ఒక నోటుపుస్తకం చాలు.

మనసు కలతపడిన రోజునే రాయాలి. గుంటూరులోని తల్లి మధ్యాహ్నం 2 గంటలకు ఫోను చేస్తే డాలస్‌లోని కొడుకు ఎత్తలేదనుకుందాం. ‘అబ్బాయి ఫోను ఎత్తలేదు’ అన్నది సంఘటన. ‘వాడికి నేను అక్కర్లేదు’ అన్నది ఆలోచన. ఈ రెండింటినీ విడదీయడమే అన్నిటికన్నా కష్టం కాబట్టి, మొదటి వారమంతా దీనికే పోయినా నష్టం లేదు. ఆలోచనను మర్యాదగా దిద్దకుండా, మనసులో మెదిలిన మాటల్లోనే రాసి, పక్కన భావాన్నీ దాని తీవ్రతనూ వేయాలి: దుఃఖం, వందకు 80.

తరువాత ఆధారాలు. పోయిన వారం రెండు నిమిషాల్లోనే ఫోను పెట్టేశాడు, దీన్ని దాచకూడదు. మరోవైపు, ఆ వేళ డాలస్‌లో తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతం, పైగా ప్రతి ఆదివారం తనే ఫోను చేస్తాడు. చాలామంది ఇక్కడ ‘అంతా మంచికే’ అని రాసి ముగిస్తారు. అది ఓదార్పే తప్ప పరిశీలన కాదు. రెండు వైపులా ఇమిడే వాక్యం కావాలి: ‘పోయిన వారం త్వరగా పెట్టేసినందుకు బాధపడ్డాను, ఇప్పుడు మాత్రం నిద్రలో ఉండి ఉంటాడు.’ దుఃఖం 80 నుంచి 50కి దిగినా పట్టిక పనిచేసినట్టే.

ఏమాత్రం తగ్గకపోతే అసలు ఆలోచన ఇంకా లోపలే ఉందన్నమాట. ‘అదే నిజమైతే నాకేమవుతుంది?’ అని అడుగుతూ పోతే, ‘ముసలితనంలో ఒంటరిదాన్నైపోతాను’ అన్న మాట బయటపడవచ్చు. అప్పుడు దాన్నే పట్టికకెక్కించాలి.

చేతులు పదేపదే కడుక్కునే ఓసీడీ వంటి సమస్యల్లో ఈ రాతే మరో తంతుగా మారవచ్చు కనుక, అవి ఉన్నవారు సైకాలజిస్టు పర్యవేక్షణలోనే చేయాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే పట్టిక పక్కన పెట్టి, ఇంట్లో ఒకరికి చెప్పి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు వెంటనే ఫోను చేయాలి; అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు.