గ్రబ్2 పుల్‌డౌన్‌లో బ్యాండ్ రాకపోతే, రాకూడని చోట వస్తే

ఈజీఎఫ్ అనే వృద్ధి కారకం తగిలిన కొద్ది నిమిషాల్లోనే, కణం మీద దాన్ని అందుకునే రిసెప్టర్ ఈజీఎఫ్ఆర్ తోకలోని కొన్ని టైరోసిన్లకు (ఇదొక అమైనో ఆమ్లం) ఫాస్ఫేట్ చేరుతుంది. దాన్ని పట్టుకుని గ్రబ్2 అనే అడాప్టర్ (ప్రోటీన్లను ఒకదానితో ఒకటి కలిపే ప్రోటీన్) వస్తుంది, వెంట సాస్ అనే ప్రోటీన్‌ను తెస్తుంది, సంకేతం రాస్ అనే మరో ప్రోటీన్‌కు అందుతుంది. పుస్తకంలో ఇదంతా ఒక్క బాణం గీత. ల్యాబ్‌లో దాన్ని పుల్‌డౌన్ (గ్రబ్2ను బీడ్లకు, అంటే చిన్న పూసలకు, తగిలించి దానికి అతుక్కున్నవాటిని లాగడం) చేసి, బ్లాట్ (ప్రోటీన్లను బరువు వారీగా విడదీసి యాంటీబాడీతో బ్యాండ్లుగా చూసే పద్ధతి) మీద చూపించబోతేనే చిక్కులన్నీ.

గ్రబ్2కు సొంతంగా ఎంజైమ్ పని ఏదీ లేదు. 217 అమైనో ఆమ్లాల ఈ ప్రోటీన్‌లో మధ్యన ఒక ఎస్‌హెచ్2 డొమైన్ (ప్రోటీన్‌లో తనకంటూ పని ఉన్న భాగం), అటూ ఇటూ ఎస్‌హెచ్3 డొమైన్లు ఉంటాయి. ఎస్‌హెచ్2లోని గుంటలో 86వ స్థానంలో ఉన్న ఆర్జినిన్ ఫాస్ఫేట్‌ను పట్టుకుంటుంది. అది ఒక్కటే చాలదు. ఫాస్ఫోటైరోసిన్ తర్వాత రెండో స్థానంలో ఆస్పరాజిన్ కూడా ఉండాలి. రెండూ కుదిరినా ఆ పట్టు మైక్రోమోలార్‌కు అటూ ఇటూగానే ఉంటుంది, సెకన్లలో సడలిపోతుంది. యాంటీబాడీలతో పని చేసి అలవాటైన వారు ఇక్కడా అంతే గట్టి పట్టు ఆశిస్తారు. అది దొరకదు.

సమస్య: ఈజీఎఫ్ ఇచ్చినా పుల్‌డౌన్‌లో ఈజీఎఫ్ఆర్ లేదు

ముందు గ్రబ్2ను అనుమానించకండి. బీడ్లకు కలపని లైసేట్‌ను (కణాలను పగలగొట్టిన ద్రవాన్ని) ఫాస్ఫోటైరోసిన్ యాంటీబాడీతో బ్లాట్ చేయండి. అక్కడే బ్యాండ్ లేకపోతే అడాప్టర్ పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదన్నమాట. కణం పగిలిన క్షణం నుంచి ఫాస్ఫటేజ్‌లు ఫాస్ఫేట్లను ఊడగొడుతూనే ఉంటాయి.

చాలాసార్లు దోషం ఈ ఫాస్ఫటేజ్‌లను ఆపడానికి కలిపే సోడియం ఆర్థోవనడేట్‌ది. పొడిని నీళ్లలో కలిపి నేరుగా వాడితే అందులో కొంత భాగం పాలిమర్లుగా ఉంటుంది, అది టైరోసిన్ ఫాస్ఫటేజ్‌లను సరిగా ఆపలేదు. ద్రావణం పసుపుగా కనిపిస్తే కారణం అదే. పీహెచ్‌ను 10కి తెచ్చి, రంగు పోయేదాకా మరిగించి, చల్లార్చి, పీహెచ్ మళ్లీ చూడాలి. 10 దగ్గర రంగు లేకుండా నిలిచేదాకా ఇదంతా తిరిగి చేయాలి. విసుగు పుట్టించే పనే, కానీ తప్పదు. చిన్న చిన్న ట్యూబుల్లో పంచి ఫ్రీజర్‌లో పెట్టుకుని, లైసిస్ బఫర్‌లో 1 మిల్లీమోలార్ ఉండేలా వాడేముందే కలపండి.

ఇంత చేశాక అదే బఫర్‌లో ఈడీటీఏ, డీటీటీ పోసేవారున్నారు. ఈడీటీఏ వనడేట్‌ను తనలో బంధిస్తుంది, డీటీటీ దాన్ని క్షయకరణం చేస్తుంది. ఫాస్ఫటేజ్ మళ్లీ పని మొదలుపెడుతుంది. ప్రోటియేజ్ ఇన్హిబిటర్ టాబ్లెట్ వాడుతుంటే ఈడీటీఏ లేని రకమే తీసుకోండి.

వేళ కూడా చూసుకోవాలి. ఫాస్ఫోరైలేషన్ 2 నుంచి 5 నిమిషాల్లో పతాక స్థాయికి చేరి తర్వాత దిగిపోతుంది. ఈజీఎఫ్ ఇచ్చి అరగంట ఆగితే సగం కథ అయిపోతుంది. ట్రిప్సిన్‌తో కణాలను లేపవద్దు. మీడియం తీసేసి, మంచు మీదే, ప్లేటులోనే లైసిస్ చేయండి. బ్లాట్‌ను బ్లాక్ చేయడానికి (యాంటీబాడీ ఖాళీ చోట్ల అతుక్కోకుండా కప్పడానికి) పాలపొడి కాకుండా బీఎస్ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్) వాడండి. పాలలోని కేసీన్ స్వయంగా ఫాస్ఫేట్లున్న ప్రోటీన్.

సమస్య: లైసేట్‌లో ఫాస్ఫేట్ పుష్కలం, బీడ్ల మీద శూన్యం

ఇప్పుడు బఫర్‌ను చూడండి. ఎస్‌డీఎస్ అనే ఘాటైన డిటర్జెంట్ ఉన్న రీపా బఫర్ ఇలాంటి బలహీన బంధాలను విడదీయగలదు. 1 శాతం ఎన్‌పీ-40 లేదా ట్రైటాన్ లాంటి మెత్తని డిటర్జెంట్, 150 మిల్లీమోలార్ ఉప్పు చాలు. తర్వాత కడగడం. శుభ్రంగా ఉంటుందని పదే పదే కడిగితే బ్యాండే కొట్టుకుపోతుంది. 4 డిగ్రీల దగ్గర, చల్లని బఫర్‌తో, మూడుసార్లు చకచకా కడిగి ఆపండి.

సమస్య: కో-ఐపీలో (యాంటీబాడీతో ఒక ప్రోటీన్‌ను లాగి, వెంట వచ్చినవాటిని చూడటం) గ్రబ్2 ఉందో లేదో తెలియడం లేదు

గ్రబ్2 బరువు దాదాపు 25 కిలోడాల్టన్లు. యాంటీబాడీ లైట్ చైన్ బరువూ అంతే. బ్లాట్ మీద ఆ లావుపాటి మచ్చ కింద గ్రబ్2 దాక్కుంటుంది. ఐపీకి కుందేలు యాంటీబాడీ వాడితే బ్లాట్‌కు ఎలుక యాంటీబాడీ వాడండి, లేదా యాంటీబాడీని బీడ్లకు క్రాస్‌లింక్ చేయండి. ఫాస్ఫోటైరోసిన్ యాంటీబాడీతో ఐపీ చేస్తుంటే ఇంకో చిక్కుంది. అదీ, ఎస్‌హెచ్2 డొమైనూ అదే ఫాస్ఫేట్ కోసం పోటీ పడతాయి.

సమస్య: ఈజీఎఫ్ఆర్‌లో గ్రబ్2 పట్టుకునే 1068వ టైరోసిన్‌ను మార్చినా బ్యాండ్ పోలేదు

మ్యుటేషన్ విఫలం కాలేదు. గ్రబ్2 1086 దగ్గర కూడా కూర్చోగలదు. పైగా షిక్ అనే మరో అడాప్టర్ రిసెప్టర్‌కు అతుక్కుని, తానూ ఫాస్ఫేట్ పొంది, గ్రబ్2కు రెండో దారి చూపిస్తుంది. ఆ దారి మూసి చూస్తే తప్ప 1068 పాత్ర గురించి ఏమీ తేల్చలేరు. ఇంకో సంగతి: సిగ్నల్ పెప్టైడ్‌లోని 24 అమైనో ఆమ్లాలను కలిపి లెక్కిస్తే ఇదే టైరోసిన్ 1092 అవుతుంది. ఆ రెండు అంకెలున్న రెండు యాంటీబాడీలు కొని, రెండు సైట్లు చూశామని రాయకండి.

సమస్య: ఈజీఎఫ్ ఇవ్వకపోయినా బ్యాండ్ ఉంది

బ్యాండ్ రాకపోవడం కన్నా నాకు ఇదే ఎక్కువ భయం, ఎందుకంటే దీన్ని చూసి సంతోషపడేవారే ఎక్కువ. కణాలను రాత్రంతా సీరం లేకుండా ఉంచారా అని ముందు చూడండి. తర్వాత జీఎస్‌టీ సంగతి, అంటే ఎస్‌హెచ్2ను బీడ్లకు పట్టించడానికి దానికి తగిలించే ప్రోటీన్. అది జంటగా ఉండే ప్రోటీన్, దానికి తగిలించిన ఎస్‌హెచ్2 రెండు చేతులతో పట్టుకుంటుంది కాబట్టి పట్టు ఉన్నదానికన్నా బలంగా కనిపిస్తుంది.

మూడు కంట్రోళ్లు పెట్టండి: ఒట్టి జీఎస్‌టీ, 86వ ఆర్జినిన్‌ను లైసిన్‌గా మార్చిన ఎస్‌హెచ్2, లాంబ్డా ఫాస్ఫటేజ్‌తో ఫాస్ఫేట్లు తీసేసిన లైసేట్. ఈ ఎంజైమ్‌కు మాంగనీస్ కావాలి, వనడేట్ ఉన్న లైసేట్‌లో అది పనిచేయదు. ఫాస్ఫేట్ పోయినా బ్యాండ్ ఉంటే మీరు చూస్తున్నది ఎస్‌హెచ్2 పట్టు కాదు. పూర్తి గ్రబ్2 వాడితే సాస్ మాత్రం ఎప్పుడూ కనిపిస్తుంది. దాన్ని పట్టేది ఎస్‌హెచ్3, ఫాస్ఫేట్‌తో నిమిత్తం లేదు.

సమస్య: టైరోసిన్ బదులు గ్లుటమేట్ పెట్టినా గ్రబ్2 రావడం లేదు

రాదు. ఫాస్ఫేట్‌కు నకలుగా పెట్టే గ్లుటమేట్‌కు ఉన్నది ఒక్క రుణావేశం, ఫాస్ఫేట్‌కు రెండింటి దాకా ఉంటాయి. పైగా గుంట లోతుకు చేరడానికి కావలసిన టైరోసిన్ వలయమే అందులో లేదు. ఫాస్ఫోసెరిన్‌ను పట్టే 14-3-3 ప్రోటీన్లూ ఇలాంటి నకళ్లను చాలాసార్లు తిరస్కరిస్తాయి. నిజంగా ఫాస్ఫేట్ ఉన్న పెప్టైడ్‌ను తయారు చేయించుకోండి, లేదా శుద్ధి చేసిన ప్రోటీన్‌కు కైనేజ్‌తో ఫాస్ఫేట్ చేర్పించండి.

సమస్య: ఎస్‌హెచ్2ను కణంలో ఎక్కువగా తయారు చేయిస్తే ఫాస్ఫోరైలేషనే పెరిగింది

కైనేజ్ చురుకు పెరిగిందని తొందరపడకండి. ఎస్‌హెచ్2 కప్పుకుని కూర్చున్న ఫాస్ఫేట్‌ను ఫాస్ఫటేజ్ అందుకోలేదు. 2012లో ఒక ఎస్‌హెచ్2 డొమైన్‌లో మూడు మార్పులు చేసి పట్టును ఎన్నో రెట్లు పెంచినప్పుడు, అది కణంలో సంకేతాలను పెంచకపోగా అడ్డుకుంది. ప్రమోటర్ (జన్యువును నడిపించే డీఎన్ఏ భాగం) బలం తగ్గించి, ప్రోటీన్ మోతాదు దించుకుంటూ రండి. పక్కనే లైసిన్ మ్యుటెంట్‌ను అదే మోతాదులో పెట్టండి. పెరుగుదల మామూలు డొమైన్‌లోనే కనిపించి మ్యుటెంట్‌లో లేకపోతే అది కాపలా వల్ల వచ్చిందే.