బ్లూస్ వినడం నేర్చుకుందాం – 4వ పాఠం: కుక్క కాని కుక్క

పోయిన పాఠంలో గిటార్ మీద సి, ఎఫ్, జి కార్డ్‌లు (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) మార్చడం సాధన చేశారు. ఈసారి గిటార్ పక్కన పెట్టేయండి, చేతులు చాలు. పాట ‘హౌండ్ డాగ్’, అంటే వేటకుక్క. ముందు ఎల్విస్ ప్రెస్లీ పాడింది పెట్టుకోండి, లెక్కకు అది సులువు.

బార్‌కు నాలుగు దెబ్బలు, చరణానికి పన్నెండు బార్లు, మొత్తం 48. ఎనిమిది దెబ్బల ఆదితాళం వేయడం వస్తే ఆరు ఆవర్తాలతో (తాళం ఆరు చుట్లతో) సరి. మొదటి నాలుగు దెబ్బల లఘువు ఒక బార్, తర్వాతి రెండేసి దెబ్బల రెండు ద్రుతాలు కలిపి ఇంకో బార్. మొదటి రెండు ఆవర్తాలూ సి. మూడోది ఎఫ్. నాలుగోది మళ్లీ సి. ఐదోదే గమ్మత్తు: లఘువు జి, ద్రుతాలు ఎఫ్. ఆరోది సి, ఇల్లు చేరినట్టు.

కొత్తవాళ్లంతా తప్పేది ఒకే చోట. పాట మొదటి మాటతో తాళం మొదలుపెడతారు. అలా కాదు. గొంతు ముందే బయల్దేరుతుంది, ‘హౌండ్’ అన్న మాట మీద సమం, అంటే ఆవర్తం మొదటి దెబ్బ, పడుతుంది. అది పట్టుకున్నారంటే మిగతాది దానంతటదే నడుస్తుంది.

సాహిత్యం మూడు పాదాలు, ఒక్కోటి రెండు ఆవర్తాలు. మొదటి పాదాన్నే రెండోసారి అంటారు, మూడో పాదంలో ముడి విప్పుతారు. ఆ ముడి ఏమిటో తెలియాలంటే 1952కి వెళ్లాలి.

జెర్రీ లీబర్, మైక్ స్టోలర్‌లకు అప్పటికి 19 ఏళ్లు. లాస్ ఏంజిలిస్‌లో బ్యాండ్ నాయకుడు జానీ ఓటిస్ దగ్గర గాయని బిగ్ మామా థార్న్‌టన్ పాడుతుంటే విని, ఆ గొంతుకు తగ్గట్టు నిమిషాల్లో ఈ పాట రాసేశారు. ఆగస్టు 13న రికార్డింగ్. మరుసటి ఏడాది పీకాక్ రికార్డుల సంస్థ విడుదల చేస్తే, బిల్‌బోర్డ్ పత్రిక ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) పాటల పట్టికలో ఏడు వారాలు మొదటి స్థానం.

అందులో కుక్క కుక్క కాదు, ఆడదాని సంపాదన మీద బతికే మగవాడు. గుమ్మం దగ్గర తచ్చాడుతున్నావు, తోకాడించినా ఇక ముద్ద వేసేది లేదు పొమ్మంటుంది ఆవిడ. మూడో పాదం తలుపు మూసేసినట్టే పడుతుంది. వెనక పీట్ లూయిస్ గిటార్ ఆ తగవు వింటూ మధ్యమధ్య సణుగుతున్నట్టుంటుంది.

ఎల్విస్ ఈ పాట పట్టుకున్నది లాస్ వెగాస్‌లో, ఫ్రెడ్డీ బెల్ బృందం మార్చిన మాటలతో. గుమ్మం పోయింది, ముద్ద పోయింది. నువ్వెప్పుడూ కుందేల్ని పట్టలేదన్న మాట వచ్చింది. ఆ కుందేలు లీబర్‌కు మింగుడుపడలేదు. నాకూ అంతే. 1956 జులై 1న స్టీవ్ ఆలెన్ టీవీ కార్యక్రమంలో ఎల్విస్ చేత నిజం కుక్కకే పాడించారు! మర్నాడు న్యూయార్క్‌లో ఆయన 31 టేకులు తీసి రికార్డు చేశాడు. అర్థం పలచబడిందన్న మాట నిజమే గానీ, డి.జె. ఫొంటానా డ్రమ్స్ దరువు వింటే కాళ్లు ఆగవు. అందుకే లెక్క నేర్చుకోవడానికి దీన్నే పెట్టాను.

ఇంటిపని: ఎల్విస్ పాటకు తాళం వేస్తూ ఐదో ఆవర్తం రాగానే ‘జి’ అని పైకి అనండి. మూడు చరణాలు తప్పకుండా వచ్చాక థార్న్‌టన్ పాటకు వెళ్లండి. ఆవిడ నెమ్మది, మీరు తొందరపడతారు. వచ్చే పాఠంలో ‘బేర్ క్యాట్’: 1953లోనే రూఫస్ థామస్ పాడిన మగవాడి జవాబు, అది తెచ్చిపెట్టిన కోర్టు గొడవ.